హాలు వంకరగా ఉంటే సోఫా ఎక్కడ, టీవీ ఎక్కడ?

ఈసారి హాలు గురించి వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాను. అన్నీ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవే. పొడుగ్గా సన్నగా ఉన్న హాలు, ఒక గోడ వాలిపోయిన హాలు, గోడల కంటే గుమ్మాలే ఎక్కువున్న హాలు... ఒక్కటీ సుళువుగా సర్దేలా లేదు. మొదటిదానికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే అలాంటి ఇళ్ళు మన పల్లెల్లో వీధికి వీధి ఉన్నాయి.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. వరసిళ్ళ వీధి, ఇటు గోడా అటు గోడా పక్కింటివాళ్ళతో కలిసే ఉంటాయి. పాత పెంకుటిల్లు తీసేసి మావయ్యగారు స్లాబ్ వేయించారు గానీ స్థలం అదే కదా, అందుకే హాలు వెడల్పు 9 అడుగులు, పొడుగు 19 అడుగులు, అచ్చం రైలుపెట్టెలా ఉంటుంది. తూర్పు ముఖం ఇల్లు. వీధి గుమ్మం ఉత్తరం గోడ వైపుకి ఉంది, దానికి తిన్నగా లోపలి గుమ్మం, ఆ వెనక గది, వంటిల్లు, పెరడు. కిటికీ ఒక్కటే, వీధి గుమ్మం పక్కన. మా మరిది హైదరాబాద్ నుంచి 55 అంగుళాల టీవీ పంపించాడు, అది ఆగ్నేయం మూలే ఉండాలని మావయ్యగారు అంటే కిటికీ కింద స్టాండ్ వేసి పెట్టాం. పగలు చూస్తే కళ్ళు లాగేస్తున్నాయి, బొమ్మ నల్లగా కనిపిస్తుంది, పైగా ఎవరొచ్చినా టీవీ పక్కనుంచే లోపలికి రావాలి. సోఫా ఇంకా కొనలేదు, శ్రీకాకుళంలో ఎల్ షేప్‌ది ఒకటి చూసొచ్చాం, ఒక వైపు 8 అడుగులు, ఇంకో వైపు 6. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మావయ్యగారికి పడక్కుర్చీ లేకపోతే కుదరదు, పిల్లలు చాప మీద కూర్చుంటారు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ ఎల్ షేప్ సోఫాకి అడ్వాన్స్ ఇవ్వకండి. మీ హాల్లో అది పట్టదని కాదు, పడుతుంది, కానీ పట్టాక మీరు నడవడానికి ఉండదు.

ఇలాంటి హాలు సర్దేటప్పుడు అందరూ టీవీ ఏ గోడకి అన్న దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం నడక దగ్గర మొదలుపెట్టమంటాను. ఒక సుద్దముక్క తీసుకుని వీధి గుమ్మం నుంచి లోపలి గుమ్మం దాకా మీ ఇంట్లోవాళ్ళు ఎలా నడుస్తున్నారో నేల మీద గీయండి. వరసిళ్ళలో పక్క సందు ఉండదు కాబట్టి పెరట్లోకి పోవాల్సిందేదైనా ఈ హాల్లోంచే పోవాలి, గ్యాస్ బండ ఇక్కణ్ణుంచే, బియ్యం బస్తా ఇక్కణ్ణుంచే, పండగొస్తే కొబ్బరి మట్టలూ అరటి గెలా కూడా ఇక్కణ్ణుంచే. అందుకని మామూలు ఇంట్లో రెండున్నర అడుగుల దారి చాలనేదాన్ని గానీ మీకు మాత్రం కనీసం మూడున్నర అడుగులు వదలమంటాను. మీ అదృష్టం ఏంటంటే రెండు గుమ్మాలూ ఒకే వరసలో, ఒకే గోడ వైపుకి ఉన్నాయి. అవి ఎదురు మూలల్లో ఉండుంటే దారి హాలుని ఐమూలగా కోసేసేది, అప్పుడు నిజంగా కష్టం. ఇప్పుడు ఉత్తరం గోడ వెంట నాలుగు అడుగులు దారికి వదిలేస్తే దక్షిణం గోడ వెంట 5 అడుగుల వెడల్పు, 19 అడుగుల పొడుగు మీ చేతిలో ఉంటుంది. మీ అసలు గది అదీ. ఇంక మిగతావన్నీ ఈ పట్టీలోనే ఇమడాలి, గీత దాటి ఒక్క కుర్చీ కాలు కూడా బయటికి రాకూడదు.

ఇప్పుడు టీవీ. పొడుగు గోడకి పెట్టి ఎదురుగా సోఫా వెయ్యమని మీకు చాలామంది చెప్పుంటారు, తొమ్మిదడుగుల వెడల్పులో దూరం కూడా సరిగ్గానే వస్తుంది, కానీ అప్పుడు దారి టీవీకీ మనిషికీ మధ్యలో పడుతుంది, ఇంట్లో ఎవరు కదిలినా బొమ్మకి అడ్డమే. ఇంకోటి, అది పక్కింటివాళ్ళతో కలిసిన గోడ. దానికి పెద్ద పెద్ద బోల్టులు దించి టీవీ బిగించడం, దాని సౌండు రాత్రి పది దాటాక వాళ్ళ మంచం దగ్గర వినపడడం, ఇవన్నీ అనవసరంగా మాటలు తెచ్చే పనులు. వీలున్నప్పుడు ఉమ్మడి గోడ జోలికి పోకపోవడమే మంచిది.

మీ టీవీ చోటు పడమటి గోడ, అంటే లోపలి గుమ్మం పక్కన మిగిలిన ఆ అయిదడుగుల గోడ. 55 అంగుళాల టీవీ అంటే ఆ 55 ఐమూల కొలత, అడ్డంగా కొలిస్తే దాదాపు 48 అంగుళాలు, అంటే నాలుగడుగులు, ఎత్తు 27 అంగుళాలు. అయిదడుగుల గోడలో అటు అరడుగు ఇటు అరడుగు వదిలి చక్కగా కూర్చుంటుంది. లోపలికి పోయేవాళ్ళు టీవీ పక్కనుంచి పోతారు, ముందునుంచి కాదు. కిటికీ కింద ఉన్నప్పుడు మీ కళ్ళు ఎందుకు లాగాయంటే, వెనక కిటికీ నుంచి వెలుతురు మొహాన కొడుతుంటే కంటిపాప చిన్నదైపోతుంది, అప్పుడు దాని ముందున్న టీవీ బొమ్మ ఎంత బ్రైట్‌నెస్ పెంచినా నల్లగానే కనిపిస్తుంది. టీవీలో లోపం ఏమీ లేదు, మరిదిగారిని ఏమీ అనకండి.

పడమటి గోడకి పెడితే కిటికీ ఎదురు పడుతుంది కదా, స్క్రీన్ మీద మెరుస్తుంది కదా అంటారు. నిజమే. దానికో పరీక్ష ఉంది, టీవీ ఆపేసి, పొద్దున్న ఎండ ఉన్నప్పుడు మీరు కూర్చోబోయే చోట కూర్చుని ఆ నల్లటి స్క్రీన్ కేసి చూడండి. అందులో ఏం కనిపిస్తే అదే టీవీ ఆన్ చేశాక కూడా అడ్డమొస్తుంది. కిటికీ కనిపిస్తే దానికి మందపాటి పరదా, రెండు ముక్కలుగా కుట్టించండి, పై సగం ఒకటి కింద సగం ఒకటి, అవసరమైన సగమే వేసుకుంటే గాలి ఆగిపోదు. తూర్పు కిటికీ కాబట్టి ఇబ్బంది పొద్దున్న కాసేపే. ట్యూబులైటు కూడా అందులో కనిపిస్తుంది చూడండి, చాలామంది దాని సంగతి పట్టించుకోరు. హాలు మధ్యలో ఉన్న లైటుని ఉత్తరం గోడకి, దారి పైకి మార్పించేస్తే దారికి వెలుతురు వస్తుంది, స్క్రీన్ మీద గీత పోతుంది.

దూరం గురించి. టీవీ సైజు అంగుళాల్లో ఎంతో దానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు, ఇంకొంచెం ఎక్కువైనా పర్వాలేదు, ఆ దూరంలో కూర్చుంటే బావుంటుంది. మీ 55కి అది అయిదున్నర అడుగుల నుంచి ఏడుంబావు అడుగుల మధ్యన పడుతుంది. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను టీవీకి ఏడడుగుల్లో ఉండాలంటే సోఫా వీపు గోడ నుంచి దాదాపు ఎనిమిదడుగుల దగ్గర పడుతుంది. అంటే సోఫా గోడకి ఆనదు, హాలు మధ్యలో అడ్డంగా, వీధి వైపుకి వీపు పెట్టి నిలబడుతుంది. దీనికి అత్తయ్యగారు మొదట ఒప్పుకోకపోవచ్చు, సోఫా అంటే గోడకే ఉండాలని మనకి అలవాటు. కానీ మీ హాలు బాగుపడేది సరిగ్గా ఇక్కడే. ఆ వీపు వల్ల పందొమ్మిది అడుగుల పొడుగు రెండు గదులైపోతుంది, లోపల ఎనిమిది అడుగులు ఇంటివాళ్ళ టీవీ చోటు, ముందు పదకొండు అడుగులు వచ్చినవాళ్ళు కూర్చునే చావడి. పాల లెక్క రాయించుకోడానికి వచ్చినాయన మీ పిల్లల హోంవర్కు మధ్యలోంచి రానక్కర్లేదు. వీపు బోసిగా కనిపిస్తుందనుకుంటే దానికి ఆనించి రెండున్నర అడుగుల ఎత్తు పుస్తకాల షెల్ఫ్ చేయించండి, అడుగు లోతు చాలు.

సోఫా మాత్రం ఇద్దరు కూర్చునేది, అయిదడుగులు దాటనిది తీసుకోండి. అత్తయ్యగారి మోకాళ్ళ కోసం చెబుతున్నాను, మెత్తగా లోపలికి దిగిపోయే సోఫాలు ఆవిడకి శిక్ష. కూర్చునే ఎత్తు నేల నుంచి 18 అంగుళాలు ఉండాలి, లోతు మరీ ఎక్కువ ఉండకూడదు, లేచేటప్పుడు పట్టుకోడానికి గట్టి చేతులుండాలి. షాపులో మీరు కూర్చుని చూడడం కాదు, ఆవిణ్ణి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఎవరి సాయం లేకుండా లేవగలుగుతున్నారో లేదో చూడండి. మంచి కర్ర సోఫా చేయించుకుని పరుపులు వేయించుకున్నా ఫోమ్ సోఫా కంటే మీకు అదే మేలు. మావయ్యగారి పడక్కుర్చీ మడత పడేదే అయితే పగలు ముందు చావట్లో కిటికీ దగ్గర వెయ్యండి, వీధి కనిపిస్తుంటే ఆయనకీ కాలక్షేపం, సాయంత్రం వార్తల టైముకి సోఫా ముందు దక్షిణం గోడ పక్కగా తెచ్చి టీవీ కేసి కాస్త ఏటవాలుగా తిప్పి వెయ్యండి. పెద్దవాళ్ళు కొంచెం దగ్గరగా కూర్చుంటేనే వాళ్ళకి అక్షరాలు ఆనతాయి, సౌండు కూడా అంత పెంచక్కర్లేదు. సోఫా ముందు అయిదడుగుల నేల మిగులుతుంది, పిల్లల చాప అక్కడే. టీపాయ్ కొనకండి. మీకు దానికి చోటు లేదు, పిల్లలకి దాని అంచులు తగులుతాయి.

ముందు భాగంలో దక్షిణం గోడకి ఆనించి దివాన్ ఒకటి, ఆరడుగుల పొడుగు రెండున్నర అడుగుల వెడల్పుది, కింద పెట్టె ఉన్నది చూడండి. వచ్చినవాళ్ళు కూర్చుంటారు, పండగల్లో ఒకరు పడుకుంటారు, దుప్పట్లు లోపల పడతాయి.

ఆగ్నేయం మాట. మావయ్యగారి మాట తీసెయ్యమని నేను చెప్పను. ఆగ్నేయం అగ్నికి చోటు కాబట్టి కరెంటు వస్తువు అక్కడ ఉండాలన్నది ఆయన ఉద్దేశం. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ దాని బ్యాటరీనీ ఆ మూలకి మార్చేయండి. నీళ్ళు పోసే బ్యాటరీ ఛార్జింగ్ అయ్యేటప్పుడు దాన్నుంచి గ్యాసు వస్తుంది, గాలి ఆడే చోట ఉండాలి, కిటికీ పక్కన ఆ మూల దానికి సరిపోయే చోటు. ఆయన మాటా నిలుస్తుంది, బ్యాటరీకీ మంచిది. ఇది ఆయనతో మీ ఆయన చేత చెప్పించండి, మీరు చెప్పడం కంటే అలా బావుంటుంది.

ఎత్తు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బిగించడానికి వచ్చిన కుర్రాళ్ళు అలవాటు కొద్దీ టీవీని మనిషి తల పైకి బిగించేసి పోతారు. రోజూ తలెత్తి చూసి చూసి మెడలు పట్టేస్తాయి, ముఖ్యంగా కింద చాప మీద కూర్చునే పిల్లలకి. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు మూడున్నర అడుగుల్లో ఉంటుంది, చాప మీద కూర్చున్నవాళ్ళది రెండున్నర దగ్గర. మీ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి టీవీ మధ్యభాగం మూడుంబావు అడుగుల దగ్గర పెట్టించండి, అప్పుడు కింది అంచు రెండడుగుల ఎత్తులో ఉంటుంది. వాళ్ళు వచ్చేలోపే పెన్సిల్‌తో గోడ మీద గీత గీసి ఉంచండి, లేకపోతే మీ మాట వినరు. ఆ గోడ ఏ ఇటుకతో కట్టారో కూడా కనుక్కోండి. తట్టి చూస్తే డొల్లగా మోగినా, డ్రిల్లు పెట్టగానే మట్టి రాలినా గోడకి వద్దు, రెండడుగుల ఎత్తు గట్టి బల్ల చేయించి దాని మీద స్టాండ్‌తో పెట్టేసి, వెనక నుంచి ఒక బెల్టుతో గోడకి కట్టేయండి, పిల్లలు లాగినా ముందుకి పడకుండా. ప్లగ్గు పాయింటు ఆ గోడకే కొత్తది వేయించుకోవాలి. దారికి అడ్డంగా ఎక్స్‌టెన్షన్ వైరు లాగితే మాత్రం అత్తయ్యగారు దానికే తట్టుకుని పడతారు, మోకాళ్ళు బాగాలేని మనిషి.

అన్నీ కొనే ముందు పాత న్యూస్ పేపర్లు సోఫా సైజుకి, దివాన్ సైజుకి అతికించి నేల మీద పరిచి రెండు రోజులు వాటిని తొక్కకుండా తిరగండి. గ్యాస్ బండ కూడా ఒకసారి దొర్లించి చూడండి. తేడా ఉంటే పేపరు జరపడం సుళువు.

ప్రశ్న: మేడమ్, నేను రిటైర్డ్ టీచర్ని, విజయనగరంలో రోడ్డు మలుపు దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. స్థలం వంకర కావడంతో మా హాల్లో పడమటి గోడ వాలుగా వచ్చింది. హాలు పొడుగు 16 అడుగులు, బాల్కనీ ఉన్న దక్షిణం వైపు వెడల్పు 13, ప్రధాన ద్వారం ఉన్న ఉత్తరం వైపు 9. తూర్పు గోడకి ద్వారం దగ్గరగా రెండు గదుల గుమ్మాలున్నాయి, అవి పోను 9 అడుగుల ఖాళీ గోడ ఉంది. 43 అంగుళాల టీవీ ద్వారం పక్కన పెట్టి, సోఫా సెట్ మూడు ఒకటి ఒకటి వాలు గోడకి ఆనించి వేశాం. ఎలా జరిపినా గదంతా ఒరిగిపోయినట్టు ఉంటుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానుకి చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు, అప్పుడు పడుకోడానికి కూడా చోటుండాలి.

జవాబు: మాస్టారూ, నమస్కారం. గది ఒరిగినట్టు కనిపించడానికి కారణం గోడ కాదండీ, సోఫా. గోడ వాలుగా ఉందని సోఫా కూడా వాలుగా వేశారు, దాంతో తూర్పు గోడా నేల టైల్స్ గీతలూ ఒక దిక్కు, సోఫా ఇంకో దిక్కు అయ్యాయి. సామాను ఎప్పుడూ తిన్నగా ఉన్న గోడని అనుసరించాలి. మీ ఇంట్లో తిన్నటి గోడ తూర్పుది. ఇంక పడమటి గోడ ఎటు వాలినా మనకి పట్టింపు లేదు.

టీవీని ఆ తొమ్మిదడుగుల ఖాళీ గోడకి మార్చండి, బాల్కనీ వెలుతురు అప్పుడు పక్కనుంచి వస్తుంది, కళ్ళలోకీ రాదు, స్క్రీన్ మీదా పడదు. హాలు సర్దడంలో ఇంతకంటే మంచి వెలుతురు దొరకదు. మూడు సీట్ల సోఫాని దానికి ఎదురుగా, తూర్పు గోడకి సమానంగా, వీపు ఆ గోడ నుంచి ఎనిమిదడుగుల దూరంలో ఉండేలా వెయ్యండి. సోఫా వెనక వాలు గోడ దాకా ఒక కొసన మూడడుగులు, బాల్కనీ కొసన నాలుగున్నర పైనే ఖాళీ వస్తుంది. అది వృథా అనుకోకండి మాస్టారూ, బాల్కనీలోకి పోయే దారి అదే. బట్టలు ఆరెయ్యడానికి పోయేవాళ్ళు ఇంక టీవీ ముందునుంచి పోరు. మీ వంకరంతా ఆ దారిలోకి పోయి దాక్కుంటుంది, దారి ఒక చోట వెడల్పుగా ఒక చోట సన్నగా ఉంటే ఎవరి కంటికీ తప్పుగా అనిపించదు. కూర్చున్న చోటు నుంచి టీవీ ఏడడుగులు వస్తుంది, 43కి అది కాస్త ఎక్కువే, అయినా మామూలు ఛానళ్ళకి ఇబ్బంది ఉండదు, అక్షరాలు చిన్నవైపోయాయనిపిస్తే సోఫాని ఒక అడుగు ముందుకి జరుపుకోండి.

సింగిల్ కుర్చీల్లో ఒకటి ద్వారం వైపు కొసన, సోఫాకి అడ్డంగా తిప్పి ఉంచండి. రెండోది పడగ్గదిలోకి పంపెయ్యండి. ఐదు సీట్లూ ఒకే గదిలో ఉండాలని షాపువాళ్ళు సెట్‌గా అమ్ముతారు తప్ప రోజూ ఇద్దరుండే ఇంటికి అవన్నీ అక్కర్లేదు.

మీకు పుస్తకాలుంటాయి కాబట్టి ఒకటి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. మంచి వడ్రంగిని పిలిచి వాలు గోడ వెంట, ద్వారం దగ్గర మొదలై, సోఫా వెనక దారికి పోవడానికి మూడడుగులు వదిలి ఆగేలా, ఒక కొసన లోతు తక్కువ ఇంకో కొసన ఎక్కువ ఉండేలా పుస్తకాల అల్మరా కట్టించండి. ద్వారం దగ్గర ఆరంగుళాలు చాలు, చిన్న పుస్తకాలు పడతాయి, అక్కణ్ణుంచి పెరుగుతూ పోయేసరికి నిఘంటువులూ బైండు చేసిన పాత పత్రికలూ పట్టేంత లోతు వస్తుంది. ముందు వైపు తలుపులు మాత్రం తూర్పు గోడకి సమానంగా రావాలి. వాలంతా అల్మరా కడుపులోకి పోతుంది. వడ్రంగి మూలమట్టం పట్టుకుని గోడకి కొలుస్తానంటే ఒప్పుకోకండి, తూర్పు గోడ నుంచి కొలవమనండి, సగం మంది పొరబడేది అక్కడే. మిగిలిన వాలు గోడకి తూర్పు గోడకి వేసిన రంగే వెయ్యండి, అడ్డ గీతలూ బోర్డర్లూ వద్దు, గీత ఉంటే కన్ను దాన్ని పట్టుకుని వాలు కొలుస్తుంది.

సిరిమాను రోజులకి సోఫా కాళ్ళ కింద మందపాటి ఫెల్ట్ ముక్కలు అతికించి ఉంచుకోండి, ఇద్దరు తోస్తే చప్పుడు లేకుండా వాలు గోడ దాకా పోతుంది. ఆ నాలుగు రోజులూ గది ఒరిగినట్టుంటే ఉండనివ్వండి. సోఫా ముందు నేలంతా పరుపులకి వస్తుంది, తలలు తూర్పుకి పెట్టుకుని పడుకోవచ్చు.

ప్రశ్న: అండీ, మాది బొబ్బిలి. పాత ఇల్లు, హాలు 12 అడుగుల చదరం, నాలుగు గోడలకీ నాలుగు గుమ్మాలు, ఒక గోడకి మాత్రం గుమ్మంతో పాటు కిటికీ. టీవీకి ఒక్క గోడా మిగల్లేదు. మా మామ్మగారి వీణ కూడా హాల్లోనే ఉండాలని అమ్మ పట్టుదల.

జవాబు: తమ్ముడూ, నాలుగు గుమ్మాల్లో రోజూ తెరిచేవి ఎన్నో చూడండి. మామూలుగా ఇలాంటి ఇళ్ళలో ఒకటి ఏ పండక్కో తెరుస్తారు. గోడ కట్టి మూసెయ్యమని చెప్పను, పాత కర్ర గుమ్మాలు మళ్ళీ రావు, రేపు గాలికీ వెలుతురుకీ అదే కావాల్సి వస్తుంది. తలుపులు వేసి గడియ పెట్టి దాని ముందు చక్రాల స్టాండ్ మీద టీవీ పెట్టండి. ఆ స్టాండ్లు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి, అడుగు బరువుగా, చక్రాలకి లాక్ ఉన్నవి చూసి తీసుకోండి. పండగ రోజు పక్కకి తోసేసి తలుపు తీసుకోవచ్చు. 43 అంగుళాలు దాటకండి, మీ గదికి అది చాలు. సోఫా బదులు తేలిక కుర్చీలే వేసుకోండి, నాలుగు దిక్కుల నుంచీ నడిచే గదిలో బరువు సామాను ఎక్కడ పెట్టినా ఎవరికో ఒకరికి అడ్డమే.

వీణ విషయంలో అమ్మ మాటే నా మాట. బొబ్బిలి వీణ అంటే గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి చేసే వస్తువు, ఊరి పేరు మీద బతుకుతున్న పని అది, అటక మీద పడెయ్యడానికి చేతులు రాకూడదు. అయితే టీవీ పైన షెల్ఫ్‌లో మాత్రం పెట్టకండి, కింద నుంచి వేడి తగులుతుంది. కిటికీ ఎండ పడే చోటా వద్దు, ఏసీ గాలి తిన్నగా కొట్టే చోటా వద్దు, కర్ర ఎండిపోయి పగుళ్ళొస్తాయి, తంతుల శృతి నిలవదు. కిటికీ లేని మూడు గోడల్లో టీవీ ఉన్నది వదిలేసి, మిగతా రెండింటిలో ఎండ సోకనిదాని మూలన ఎత్తు బల్ల వేసి, మెత్తటి గుడ్డ పరిచి దాని మీద పడుకోబెట్టండి. గుమ్మాల మూల కాబట్టి వచ్చేపోయేవాళ్ళ మోచెయ్యి తగలకుండా బల్లని గోడకి బాగా లోపలికి జరపండి. అమ్మకి వాయించడం వస్తే టీవీ స్టాండ్‌ని పక్క గదిలోకి తోసుకునే సౌకర్యం ఎలాగూ ఉంది.

ప్రశ్న: కళింగపట్నం దగ్గర సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నాం. హాలు అయిదు మూలలుగా వచ్చింది, అయిదో గోడ చిన్నది, సముద్రం వైపు, దానికి పెద్ద కిటికీ. ఆ కిటికీ పక్కనే టీవీ పెడితే సముద్రమూ టీవీ రెండూ కనిపిస్తాయని మా అబ్బాయి అంటున్నాడు.

జవాబు: వద్దండీ. వెలుతురు సంగతి పైన చెప్పిందే, మీకు దానికి తోడు ఉప్పుగాలి. కిటికీ పక్కన పెట్టిన టీవీ వెనక పోర్టులూ, బ్రాకెట్ బోల్టులూ తొందరగా తుప్పు పడతాయి, తుఫాను వానకి జల్లు తిన్నగా దాని మీదే పడుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలో కిటికీ ఊడి ఇంట్లోకి గాలి రావడం అంటే ఏంటో అందరం చూశాం. సముద్రం కిటికీ దగ్గర రెండు కుర్చీలే వేసుకోండి, అది కూర్చోవడానికి చోటు, చూడ్డానికి సముద్రం చాలు. టీవీకి ఇంటి లోపలి గదికీ హాలుకీ మధ్య ఉన్న గోడ తీసుకోండి, బయటి గోడ కాదు, బయటి గోడలకి వానాకాలం చెమ్మ ఎక్కుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అడిగి వేయించుకోండి, టీవీకీ గోడకీ మధ్య రెండంగుళాలు గాలి ఆడాలి. ఉరుముల వాన వచ్చేలా ఉంటే స్విచ్ ఆపడం సరిపోదు, ఉరుములు మొదలవ్వకముందే ప్లగ్గు తీసెయ్యండి, సెట్ టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరు కూడా ఊడదీసెయ్యండి, డిష్ మీద నుంచి వచ్చే పిడుగు కరెంటు ఆ వైరులోంచి కూడా లోపలికి రాగలదు. అందుకే ప్లగ్గు పాయింటు టీవీ వెనక కాకుండా పక్కన, చెయ్యి అందే చోట పెట్టించుకోండి.